హానిబల్ వంతు

పోల్‌గ్రేన్, కార్న్‌వాల్
అక్టోబరు, 1744

చిరంజీవి జేగోకి,

అక్క తామ్సిన్ దీవెనలు. సెలవులకి వచ్చినప్పుడు నువ్వు పలక మీద నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను. వంకరగా ఉంటే తప్పు గురువుదే. నాన్న గట్టిగానే ఉన్నాడు. చేపలు ఈ ఏడు బాగా పడ్డాయి, రెండు పీపాలకి ఉప్పేసి పెట్టాను. నీ గుళ్ళో ప్రసంగం మొదలవగానే ముసలమ్మలు కునుకు తీస్తున్నారని రాశావు. ఇక్కడ ఎవరికీ కునుకు లేదురా. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఊరికి పడమర పాత గని కుంగి పళ్ళెంలా పడిన గుంట ఉంది కదా, పోయిన ఆదివారం అందులో రెండు వేల మంది కూర్చున్నారు. మాట్లాడింది మెథడిస్టు బోధ చెప్తూ గుర్రమెక్కి దేశమంతా తిరిగే ఆ పెద్దాయన కాదు, మన హానిబల్ రోడా. నవ్వకు. నాన్న జట్టులో తగరం తవ్వే హానిబలే. పోయినేడు తాగి, గాడిదతో పరుగుపందెం వేసి ఓడిపోయిన హానిబలే. ఇప్పుడు చుక్క ముట్టడు. అతను లేచి నిలబడగానే మగవాళ్ళంతా టోపీలు తీశారు. రెండు వేల మంది ఒక్కసారి టోపీలు తీస్తే దానికీ ఒక చప్పుడుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అతను నోరు తెరిచాడో లేదో, గుడి గంటలు మొదలయ్యాయి. మెథడిస్టులు ఎప్పుడు కూడినా గోపురంలో ఉన్న ఆరు గంటలూ కలిపి కొట్టమని మన గుడి గురువు పెన్‌వార్న్ అయ్యగారి ఆజ్ఞ. గంటల జట్టుకి పెద్ద ఎవరో నీకు చెప్పక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళుగా నాన్నే. ఒక్క ముక్క వినపడలేదు. హానిబల్ అరవలేదు, తిట్టలేదు. కింద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. గంటంపావు కొట్టారు జేగో. ఒక్కరు లేచి వెళ్ళలేదు, పసిపిల్లల తల్లులు కూడా. చివరికి తాళ్ళు లాగేవాళ్ళ రెక్కలు పడిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అతను లేచి, "దేవుడు మన కోసం ఇంతకంటే ఎక్కువసేపే ఎదురుచూశాడు" అన్నాడు. ఆ రోజు ప్రసంగం అంతే. నా మోకాళ్ళు వాటంతటవే నేలకి ఆనాయి.

నాన్న ఇంటికొచ్చి, హానిబల్ గొంతు పిచ్చుక గొంతైపోయిందని మహా సంబరంగా చెప్పాడు. వారానికోసారి పన్నెండుమందిమి కూడి, మనసులో ఉన్నది ఒకరికొకరం దాచకుండా చెప్పుకుంటున్నాం. నాన్నకి చెప్పలేదు, నీకు చెప్తున్నాను. నువ్వు చదువుకున్నవాడివి, గురువువి. ఇది తప్పా?

మీ అక్క
తామ్సిన్


హేజెల్‌కోంబ్, డెవన్
నవంబరు, 1744

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగావు కాబట్టి చెప్తున్నాను, తప్పే. బిషప్ తల మీద చేతులుంచి గురువుగా నిలపనివాడు వాక్యం చెప్పకూడదు. గుడి ఉండగా గుంటలో ఆరాధన ఏమిటి? జనం ఏడవడం, వణకడం, మోకాళ్ళ మీద పడడం భక్తి కాదు, ఆవేశం. ఆవేశం చల్లారాక మిగిలేది మనిషికి అవమానమే. పందెంలో గాడిదే గెలిచిందన్నావు. అయితే ప్రసంగం కూడా దానికే అప్పజెప్పాల్సింది.

కోప్పడకు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. పెన్‌వార్న్ అయ్యగారు నాలో ఏదో చూసి చదివించకపోతే ఈపాటికి నేనూ నేల కింద ఉండేవాణ్ణి. ఆయనకి వ్యతిరేకంగా నా సొంత అక్క గుంటలో మోకరించిందంటే నేను ఏ మొహం పెట్టుకోవాలి? ఇక్కడ నేను ఉప గురువుని మాత్రమే. వేసవిలో ఈ ఊరి గుడికి నన్ను పూర్తి గురువుగా నిలపాలా వద్దా అని బిషప్ తేలుస్తారు. ఇక్కడికి వచ్చెయ్. నాకు ఇల్లు చూసిపెట్టు. తోటలో ఆపిల్ చెట్లు ఉన్నాయి, గని దగ్గర ఖనిజం రాళ్ళు కొట్టే పని లేదు.

ఒక్క మాట అడుగుతాను. ఆ హానిబల్ గనికి పోతున్నాడా, లేక మాటలతోనే బతుకుతున్నాడా?

నీ తమ్ముడు
జేగో


పోల్‌గ్రేన్
జనవరి, 1745

జేగోకి,

ఆపిల్ చెట్లు బాగానే ఉంటాయి, కానీ నేను రాను. నువ్వు రాసింది చదివి రెండు రోజులు కోపంతో రాళ్ళు కొట్టాను. మామూలు కంటే ఎక్కువే పగిలాయి, అంతా నీ పుణ్యమే.

ఆవేశం చల్లారాక మిగిలేది అవమానమన్నావు. నేను చూసింది చెప్తాను, నువ్వే పేరు పెట్టు. క్రిస్మస్ మర్నాడు హానిబల్ తీరం వెంబడి ఊళ్ళన్నీ తిరగడానికి బయల్దేరాడు. రెండో వారంలో మేము నలుగురం ఆడవాళ్ళం పోర్త్‌వీన్ దాకా వెళ్ళి కలిశాం. మధ్యాహ్నం గాలివానలో ఓడ ఒకటి రాళ్ళకి కొట్టుకుంది. ఓడ పగిలితే మన తీరంవాళ్ళు ఏం చేస్తారో నువ్వూ ఎరుగుదువు. సరుకు దోచుకోవడానికి గొడ్డళ్ళు, సంచులు పట్టుకుని ఊరంతా పరుగెత్తింది. హానిబల్ వాళ్ళని ఆపలేదు, బోధించలేదు. వాళ్ళకంటే ముందు పరుగెత్తి మెడలోతు నీళ్ళలో నిలబడి చేతులు చాపాడు, అంతే. ఒకడు సంచి పారేసి అతని చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి ఇంకొకడు. చూస్తుండగానే ఒడ్డు నుంచి ఓడ దాకా మనుషుల తాడు తయారైంది. పదిహేడుమంది నావికులు ఆ చేతుల మీదుగా బతికి బయటికొచ్చారు. గొడ్డళ్ళు ఇసుకలోనే పడున్నాయి. సాయంత్రం దాకా వాటిని ఎవరూ వెతుక్కోలేదు. నాకు భయమేసింది జేగో, గాలివానకి కాదు. దేవుడు అంత దగ్గరగా నిలబడితే ఎవరికైనా భయమే.

పని సంగతి అడిగావు. దాచడానికేముంది? మూడు వారాలైంది, హానిబల్ పలుగు ముట్టుకోలేదు. ఇంకా రెండు మూడు వారాలు ముట్టుకోడు కూడా. తీరంవాళ్ళు వదలడం లేదు.

నాన్న ఈమధ్య బాగా అలిసిపోతున్నాడు. మాంసం కూరిన పేస్టీ సగం కొరికి చేతిలో పట్టుకునే నిద్రపోతున్నాడు. అడిగితే గంటలకి కొత్త తాళ్ళు వేశారు, బరువంటాడు.

మీ అక్క
తామ్సిన్


హేజెల్‌కోంబ్
జనవరి చివర, 1745

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు, పొలాలన్నీ బురద. నాకు జలుబు చేసి తగ్గింది. ఓడ సంగతి ఆశ్చర్యంగానే ఉంది. దాని గురించి తర్వాత రాస్తాను.

నీ మేలు కోరి తమ్ముడిగా నేను చేయాల్సింది చేశాను. కొన్నాళ్ళు ఆ మనుషులకి దూరంగా ఉండు. ఎందుకని అడగకు.

జేగో


పోల్‌గ్రేన్
ఫిబ్రవరి, 1745

జేగోకి,

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో నిన్నేమీ అడగను, చివర్లో అడుగుతాను.

పోయిన మంగళవారం హానిబల్ తీరం నుంచి తిరిగొస్తుంటే దారిలోనే పట్టుకుని చేతులు కట్టేశారు. కష్టం చేసుకుని బతికే పని లేని మగవాణ్ణి యుద్ధం ఓడెక్కించొచ్చని చట్టం ఉందట కదా. ఆ చట్టం కింద, ఊళ్ళమ్మట తిరిగే దేశదిమ్మరి అని అతని మీద ఫిర్యాదు. గురువారం పొద్దున సత్రం మేడ మీద విచారణ. మెజిస్ట్రేటు ఎవరో కాదు, మన గనిలో వాటాలున్న దొరే. పక్కన పెన్‌వార్న్ అయ్యగారు. అయ్యగారి వెనకాల గంటల జట్టు, వాళ్ళలో నాన్న. మేము గోడవారన నిలబడ్డాం. ఓడ రేవులో సిద్ధంగా ఉంది, ఎక్కితే ఎవరూ తిరిగొచ్చేది లేదని అందరికీ తెలుసు.

అతను ఐదు వారాలుగా పనిలోకి దిగలేదనడానికి రుజువేమిటని దొర అడిగాడు. అయ్యగారు జేబులోంచి ఒక కాగితం తీశారు. నా ఉత్తరం. నీకు రాసిన ఉత్తరం. నా అక్షరాలు గది అవతల నుంచే గుర్తుపట్టాను.

దొర నన్ను ముందుకి పిలిచి, బైబిలు మీద చెయ్యి పెట్టించి, "ఈ రాత నీదేనా అమ్మాయ్?" అన్నాడు.

కాదంటే చాలు, హానిబల్ ఇంటికి పోతాడు. ఈ ఊళ్ళో రాళ్ళు కొట్టే ఆడదానికి రాయడం వచ్చని ఎవరు నమ్ముతారు? ఆ అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. హానిబల్ వైపు చూశాను. అతను తల అడ్డంగా ఊపాడు, నెమ్మదిగా, చంటిపిల్లకి వద్దని చెప్పినట్టు. "నా రాతే దొరా. రాసింది నిజమే" అన్నాను. అప్పుడు అతని మొహం చూడాల్సింది నువ్వు. దాహంతో ఉన్నవాడికి నేను మంచినీళ్ళు ఇచ్చినట్టు నవ్వాడు. అతణ్ణి సముద్రంలోకి తోసింది నేను, తృప్తి పడింది అతను.

అప్పుడు వెనక నుంచి నాన్న ముందుకొచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"దొరా, హానిబల్ వంతు ఒక్క రోజు కూడా ఖాళీ పోలేదు. నేను చేశాను" అన్నాడు.

దొర నమ్మలేదు. నీ వంతు ఎవరు చేశారని అడిగాడు. అదీ తానే చేశానన్నాడు నాన్న. తన వంతు ముగించి, నిచ్చెన మొదట్లో కాసిని నీళ్ళు తాగి, మళ్ళీ హానిబల్ వంతు మొదలుపెట్టేవాడట. ఐదు వారాలు. అరవైకి రెండేళ్ళు తక్కువ ఆయనకి. పేస్టీ చేతిలో పట్టుకుని నిద్రపోయింది అందుకన్నమాట. అయ్యగారి మొహం కందగడ్డైపోయింది. వాడి నోరు మూయించడానికే కదా నువ్వు గంటలు కొట్టేది అని నిలదీశారు.

"అవునండి. మీరు కొట్టమంటే రేపూ కొడతాను. వాడి బోధకీ నాకూ పడదు. కానీ మీ గొడవ నేల పైనండి. కింద వాడి వంతు పడిపోతే జట్టులో మనిషి లేనట్టే లెక్క. మనిషి ఉన్నాడు కదండీ."

గని ఆచారం దొరకి తెలియంది కాదు. తోటివాళ్ళు వంతు నిలిపితే మనిషి పనిలో ఉన్నట్టే. అది కాదంటే జ్వరంతో పడుకున్న ప్రతివాడూ, చెయ్యి విరిగిన ప్రతివాడూ రేపట్నుంచి పని లేనివాడే, ఆయన గనే మూతపడుతుంది. కట్లు విప్పమన్నాడు.

గంటల గోపురం తాళంచెవులు అక్కడే ఇచ్చెయ్యమని అయ్యగారు అడిగారు. నాన్న బల్ల మీద పెట్టేశాడు. దారిలో నన్ను ఒక్కటే అడిగాడు: "నీ తమ్ముడికి వంతంటే ఏంటో గుర్తులేదంటావా?"

ఇప్పుడు నేను అడుగుతున్నాను. నా ఉత్తరం అయ్యగారి జేబులోకి ఎలా వచ్చింది? ఊహించి నిన్ను తిట్టను. నువ్వే చెప్పు.

తామ్సిన్


హేజెల్‌కోంబ్
మార్చి చివర, 1745

అక్కా,

నేనే పంపాను.

నిన్ను ఆ మనుషుల నుంచి తప్పించమని అయ్యగారిని వేడుకుంటూ రాసి, నువ్వు ఎంత మంచిదానివో ఆయనే చూస్తారని నీ ఉత్తరం జతచేశాను. ఇంతవరకు నిజమే. ఇక్కడితో ఆపేసి, ఆయన దాన్ని అలా వాడతారని నాకు తెలియదని రాయాలని ఉంది. మూడు కాగితాల మీద అలాగే రాసి మూడూ చింపేశాను. తెలుసు. చట్టం సంగతి నాకు తెలుసు. పలుగు ముట్టుకోలేదన్న వాక్యం కింద గీత గీసింది అయ్యగారు కాదు, నేను. అతను ఓడెక్కితే నువ్వు ఏడుస్తావు, ఆ తర్వాత ఇక్కడికి వస్తావు, నా పేరుకి మచ్చ రాదు అనుకున్నాను.

చట్టం గుర్తుంది, వంతు గుర్తులేదు. నాన్నకి ఆ మాటే చెప్పు. నాకు మశూచి వచ్చిన ఏడు నాన్న నా మంచం దగ్గర పదకొండు రోజులు కూర్చున్నాడు. ఆయన వంతు ఎవరు నిలిపారో నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

క్షమించమని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు జవాబు రాయకపోయినా నీదే న్యాయం.

జేగో


పోల్‌గ్రేన్
మే, 1745

జేగోకి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కోపమే వచ్చింది, అందుకే రాయలేదు. ఇప్పుడూ పూర్తిగా పోలేదు. కానీ అవసరం వచ్చింది.

ఈస్టరు నాడు ఎప్పటిలాగే అందరం గుడికి వెళ్ళి ప్రభు భోజనానికి వరసగా మోకరించాం. పెన్‌వార్న్ అయ్యగారు రొట్టె పట్టుకుని వచ్చారు. మాలో ఒక్కొక్కరి ముందు నుంచి దాటిపోయారు. చేతులు చాపి తల వంచుకుని ఉన్నాను కదా, నాకు కనపడింది ఆయన బూట్లు మాత్రమే, ఆగకుండా వెళ్ళిపోతూ. నాన్నకీ ఇవ్వలేదు. నాన్న మెథడిస్టు కాడని అందరికీ తెలుసు, అయినా ఇవ్వలేదు. ఊహ తెలిశాక రొట్టె లేని ఈస్టరు ఆయనకి ఇదే. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన్ని అలా చూడలేదు.

మనకి గుడెందుకు, హానిబలే గుంటలో రొట్టె విరిచిపెట్టొచ్చు కదా అన్నారు మావాళ్ళు కొందరు. హానిబల్ ఒప్పుకోలేదు. మాట చెప్పడం వరకే తన పనని, రొట్టె విరవడానికి తగిన చేతులు తనవి కావని చెప్పాడు. ఆ తర్వాత, "తల మీద బిషప్ చేతులు పెట్టించుకున్నవాడు మనకి ఒకడున్నాడుగా" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నీ ఉత్తరం నేను అప్పటికే వాళ్ళకి చదివి వినిపించాను, గీత గీసిన ముక్కతో సహా. మాలో మేము ఏదీ దాచం అని చెప్పాను కదా. అది విన్నాకే అతను ఆ మాట అన్నాడు.

పెంతెకొస్తు పండగ ఆదివారానికి నీ గుడికి చేరేలా బయల్దేరుతున్నాం. నాలుగు రోజుల నడక. భోజనానికి వచ్చేవాళ్ళు ముందుగా గురువుకి పేర్లు చెప్పుకోవాలని మీ నియమం, అందుకే వేరే కాగితం మీద పేర్లన్నీ రాశాను. నీ పదవికి ఇది మంచిది కాదని తెలుసు. తలుపు మూసి ఉంటే తిరిగి వచ్చేస్తాం, నిన్నేమీ అనం.

తామ్సిన్


హేజెల్‌కోంబ్
జూన్, 1745

అక్కా,

మీరు వెళ్ళి పది రోజులైంది. ఈ ఊరి పెద్దలు బిషప్‌కి రాశారు, జవాబు నిన్న వచ్చింది. నెలాఖరుకి నేను ఇల్లు ఖాళీ చేయాలి. నాకు విచారం లేదు. ఎక్కడికి వెళ్ళాలో ఇంకా తెలియదు, అయినా రాత్రిళ్ళు హాయిగా నిద్రపడుతోంది.

ఆ రోజు నువ్వు తల వంచుకుని ఉన్నావు. నేను చూసింది నువ్వు చూడలేదు, అందుకే రాస్తున్నాను.

పొద్దున కొండ మీద నుంచి పాట వినపడింది. గుడి తలుపులు రెండూ తెరిచి బయట నిలబడ్డాను. మీరు దిగివస్తుంటే ఊళ్ళోవాళ్ళు కంచెల దాకా వచ్చి చూశారు. నవ్వుదామని వచ్చినవాళ్ళు నవ్వలేదు. ముందు నాన్న, బూటు చీలితే గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. నలభై మంది. వాకిట్లో రాళ్ళ మీద మీ అడుగుల్లో అక్కడక్కడా రక్తం ఉంది. నా వాకిట్లో. నేను అమ్మేసిన మనిషి ఆ నలభై మందిలో ఉన్నాడు, నా చేతి రొట్టె కోసం.

పొరుగువాడితో సమాధానపడినవాడే ఈ బల్ల దగ్గరికి రావాలని గురువు ముందుగా చదవాలి. పుస్తకం తెరిచాను. ఆ వాక్యం చదవలేకపోయాను. గుడంతా ఎదురుచూసింది. అప్పుడు నాన్న మోకాళ్ళ మీద నుంచే, ఇంట్లో మాట్లాడినట్టు, "చదువు నాయనా. మేము నడిచింది అది వినడానికే" అన్నాడు. చదివాను.

ముందు గురువు తినాలి, ఆ తర్వాతే ఎవరికైనా పెట్టాలి. అక్కడ మళ్ళీ నా చెయ్యి ఆగిపోయింది. రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను. బల్ల మీద నువ్వు పంపిన పేర్ల కాగితం ఉంది. వచ్చింది నలభై మంది. పేర్లు నలభై ఒకటి. ఎవరో దారిలో జబ్బుపడి ఆగిపోయారని అనుకుంటూ చివరి వరస చూశాను. ఆ వంకర అక్షరాలు నేను నేర్పినవే. జేగో నాన్‌కారో, పాస్కో కొడుకు, పోల్‌గ్రేన్ అని ఉంది.

తిన్నాను అక్కా.

తర్వాత ఒక్కొక్కరికీ పెడుతూ వచ్చాను. నీకు పెట్టాను, నాన్నకి పెట్టాను. నాన్న పక్కన హానిబల్. అతను రెండు చేతులూ చాపాడు. మణికట్ల మీద తాళ్ళు ఒరుసుకున్న మచ్చలు ఇంకా పోలేదు. వాటి మధ్య రొట్టె పెట్టి చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. అతను నా వేళ్ళు పట్టుకుని, నా వణుకు తగ్గేదాకా వదల్లేదు.

జేగో